రాష్ట్రం మనదైంది, గాలి ఎవరిది?

(బ్రిటన్‌ రేడియో, టీవీలు వినేటోళ్లకు ఎట్ల జవాబు చెప్తయ్‌, మన దగ్గర ఎందుకు చెప్పవు అనే విషయం మీద వికారాబాద్‌, తాండూరు విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



బీబీసీ గురించి మాట్లాడుతం అని తాండూరులో చెప్తే ఒక పెద్దాయన నవ్విండు. "మా కందులకు, మా నాపరాయికి, లండన్‌ రేడియోకు ఏం సంబంధం బిడ్డా?" అన్నడు. అడగవలసిన ప్రశ్ననే అది. ఈ మాటలన్నీ ఆయనకు జవాబే అనుకోండ్రి.

ముందుగాల ఒక సంగతి చెప్పాలె. మేం లండన్‌ పోయి చూసొచ్చినోళ్లం కాదు. మేం చదివింది కాయితాలు. బీబీసీకి వాళ్ల ప్రభుత్వం రాసిచ్చే చార్టర్‌, అది ఏటేటా అచ్చేసే లెక్కల నివేదిక, అక్కడి రేడియో టీవీల మీద కాపలా ఉండే ఆఫ్‌కామ్‌ నిబంధనలు, వాళ్ల చరిత్ర. ఇంగ్లీషోళ్ల సంస్థను నెత్తిన పెట్టుకొని ఊరేగుదామని కూడ రాలేదు. మనల్ని రెండు వందల ఏండ్లు ఏలినోళ్ల దగ్గర నేర్చుకునేది ఏముంటది అనే కోపం మాకూ ఉన్నది. కాని ఒక్క ప్రశ్న మీద వాళ్ల చరిత్ర మనకు అక్కరకొస్తది. రేడియో, టీవీ ఎవరికి జవాబు చెప్పాలె? వినేటోనికా, ప్రకటన ఇచ్చేటోనికా, గద్దె మీద కూసున్నోనికా?

ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. ఉద్యమంల దినాం ఇదే ప్రశ్న కదా అడిగినం. సినిమాల రౌడీకి, పనోనికి, జోకర్‌కు మన యాస పెట్టిన్రు. హీరోకు మాత్రం కృష్ణా జిల్లా భాష. ఉస్మానియాల లాఠీలు ఇరిగితే ఒక చానల్‌ చూపెడితే ఇంకోటి పాటల ప్రోగ్రాం ఏసేది. అప్పుడు మనం ఇది కుట్ర అంటే, మీకు అంతా కుట్రనే కనబడ్తది అని ఎక్కిరించిన్రు. 2010 డిసెంబర్‌ 30న శ్రీకృష్ణ కమిటీ కేంద్రానికి నివేదిక ఇచ్చింది. దాంట్ల ఎనిమిదో అధ్యాయం బైటపెట్టలే, సీల్డ్‌ కవర్ల పెట్టి ఇచ్చిన్రు. 2011 మార్చిలో హైకోర్టు జడ్జి జస్టిస్‌ ఎల్‌.నరసింహారెడ్డి తన తీర్పుల ఆ అధ్యాయం సంగతులు రాస్తే లోకానికి తెలిసింది. రాష్ట్రంల 13 చానళ్లు, 5 పెద్ద పత్రికలు ఉన్నయ్‌, రెండు చానళ్లు తప్ప కడమయన్నీ సమైక్య రాష్ట్రం దిక్కే ఉన్నయ్‌, పత్రికలు సర్కారు ప్రకటనల మీదనే బతుకుతున్నయ్‌ కాబట్టి వాటిని జాగ్రత్తగ వాడుకుంటే పని అయితది. ఇదీ దాని సారాంశం. మనం రోడ్ల మీద అరిచి చెప్పిందే వాళ్లు కవర్ల పెట్టి రాసుకున్నరు.

ఆ కాయితంల ఓనర్లది ఏ ప్రాంతం అనేది ఒక సంగతి. మనం ఆనాడు దాన్నే పట్టుకున్నం, సహజం. రెండో సంగతి, అంటే ప్రకటనల సొమ్ముతోని మెడ వంచొచ్చు అనేది, మనం అంత సోయి పెట్టి సదువలే. ఓనరు మారినా ఆ రెండోది మారదు. ఇయ్యాల మాట్లాడేది దాని మీదనే.

ఇగ బీబీసీ కాడికొద్దాం. అది పుట్టింది 1922లో, రేడియో సెట్లు అమ్ముకునే కంపెనీలన్నీ కలిసి పెట్టుకున్న వ్యాపార సంస్థగ. సెట్లు అమ్ముడు పోవాలంటే వినడానికి ఏదన్న ఉండాలె కదా, అందుకు పెట్టుకున్నరు. 1927 జనవరి 1 నుంచి అది చార్టర్‌ కింద కార్పొరేషన్‌ అయింది. జాన్‌ రీత్‌ అనేటాయన మొదటి డైరెక్టర్‌ జనరల్‌. తెలియజెప్పాలె, నేర్పాలె, సంతోషపెట్టాలె అనే మూడు పనులు ఆయన పెట్టినయే. బీబీసీ ఇప్పటికీ వాటి పేరే చెప్తది. కాని అసలు కిటుకు ఆ మూడు మాటల్ల లేదు, పైసలు వచ్చే తొవ్వల ఉన్నది. టీవీ చూసే ప్రతి ఇల్లు ఏడాదికి ఒకసారి లైసెన్సు ఫీజు కట్టాలె. 2025 ఏప్రిల్‌ల అది 174 పౌండ్ల 50 పెన్నీలు అయింది, మన లెక్కల సుమారు 20 వేల రూపాయలు. రేడియోకు వేరే లైసెన్సు ఉండేది, 1971లో ఎత్తేసిన్రు. బ్రిటన్‌ల నడిచే బీబీసీ చానళ్ల మీద సబ్బుల ప్రకటన ఉండదు, బంగారం దుకాణం ప్రకటన ఉండదు, సర్కారు పథకాల ఫుల్‌పేజీ బొమ్మ ఉండదు.

అంటే ఏమైతది? మాంచెస్టర్‌ల ఉన్న బస్సు డ్రైవర్‌ "నా పైసలతోని నడుస్తున్నవ్‌, నా సంగతి ఎందుకు చెప్పవ్‌" అని అడగొచ్చు. అడిగితే జవాబు చెప్పాలె. చెప్పకుంటే ఆఫ్‌కామ్‌కు పోవచ్చు. 2017 నుంచి బీబీసీ మీద కూడ ఆఫ్‌కామ్‌ పెత్తనమే. ఐటీవీ లెక్క ప్రకటనల మీద బతికే చానళ్లు కూడ ఉన్నయ్‌, 1955 నుంచి. కాని వాటికి లైసెన్సు ఇచ్చేటప్పుడే ఏ ప్రాంతానికి ఆ ప్రాంతం వార్తలు ఇయ్యాలె అని షరతు పెట్టిన్రు. ఇయ్యం అంటే లైసెన్సుకు ఎసరు. మన దేశంల 2022 నాటి కేంద్రం నిబంధనల్ల చానళ్లు రోజుకు అరగంట జాతీయ ప్రాధాన్యం ఉన్న విషయాలు ఏయాలె అని ఉన్నది. జిల్లా ప్రాధాన్యం అనే మాట మాత్రం మాకు ఏడ కనబడలే.

మన తాతలు కూడ రేడియో లైసెన్సు కట్టినోళ్లే. పోస్టాఫీసుల కట్టి, చిన్న బుక్కుల స్టాంపు ఏయించుకొని వచ్చేటోళ్లు. 1980ల నడుమ దాన్ని తీసేసిన్రు. పైసలు మిగిలినయ్‌ అని అందరం సంబురపడ్డం. పైసలు కట్టుడు పోయినంక అడిగే హక్కు కూడ మెల్లగ పోయింది. ఇప్పుడు కేబుల్‌కు నెల నెలా కడ్తున్నం కదా అంటరు. అది తీగ గుంజినోనికి, సిగ్నల్‌ ఇచ్చినోనికి పోతది. ఎంత కట్టినా, వార్తలు రాసేటోడు మనకు జవాబుదారు కాడు.

వినేటోళ్లు ఏం కోరుతున్నరో తెలుసుకునే పని బీబీసీ 1936లోనే మొదలువెట్టింది. రాబర్ట్‌ సిల్వీ అనే ఆయనను పెట్టుకొని, ఎవరు ఏ టైంకు వింటున్నరు, ఏది నచ్చలే అని ఇండ్లు తిరిగి అడిగే విభాగం పెట్టింది. మన టీఆర్పీ కూడ లెక్కనే కదా అని మీరు అనొచ్చు. తేడా ఉన్నది. టీఆర్పీ అనేది ప్రకటన ఇచ్చేటోనికి చూపే బిల్లు. ఎన్ని కండ్లు అమ్ముడుపోయినయ్‌ అనే లెక్క. నీకు ఏం కావాలె అని అది నిన్ను అడగదు.

ఇంకో పద్ధతి మాకు బాగ నచ్చింది. టీవీల "పాయింట్స్‌ ఆఫ్‌ వ్యూ" అని 1961లో పెట్టిన్రు, రేడియోల "ఫీడ్‌బ్యాక్‌" అని 1979లో. ప్రేక్షకులు, శ్రోతలు పంపిన తిట్లు, మెచ్చుకోళ్లు అదే సంస్థ గాలి మీద చదివి వినిపించే కార్యక్రమాలు. ఫీడ్‌బ్యాక్‌ల అయితే సంబంధపడ్డ ఎడిటర్‌ను పిలిచి "ఇట్ల ఎందుకు చేసినవ్‌" అని నిలేస్తరు. మన దగ్గర ఒక చానల్‌ ఎడిటర్‌ను ఆ చానల్‌ల్నే కూసోబెట్టి, కొడంగల్‌ రైతు రాసిన ఉత్తరం చదివి, జవాబు చెప్పు అన్నట్టు ఊహించుకోండ్రి. నవ్వొస్తది.

తప్పు చేస్తే ఏమైతదో కూడ చూసినం. ఇరాక్‌ యుద్ధం మీద ఒక రేడియో కథనం గురించి 2004 జనవరిలో హటన్‌ విచారణ తప్పుపడితే బీబీసీ చైర్మన్‌, డైరెక్టర్‌ జనరల్‌ ఇద్దరూ దిగిపోయిన్రు. 2025 నవంబర్‌లో డైరెక్టర్‌ జనరల్‌ టిమ్‌ డేవీ, వార్తల విభాగం పెద్ద డెబోరా టర్నెస్‌ రాజీనామా చేసిన్రు. ట్రంప్‌ ఉపన్యాసంల రెండు వేరే వేరే ముక్కలను ఒకటే మాట అన్నట్టు అతికించిన ఎడిటింగ్‌ మీద వచ్చిన గొడవ అది. దాని ఎన్క రాజకీయం లేదని మేం అంటలేం, బాగనే ఉన్నది. కాని ముక్కలు అతికించినందుకు కుర్చీ పోయిన చానల్‌ పెద్ద మన తెలుగు నేల మీద ఒక్కడన్న ఉన్నడా? ఇక్కడ అతికించినోనికి ప్రమోషన్‌ వస్తది.

ఇగ యాస ముచ్చట. ఇది మన గుండెకు తగిలే ముచ్చట. బీబీసీ 1926లో "ఇంగ్లీషు ఎట్ల పలకాలె" అని ఒక కమిటీ ఏసింది. రాబర్ట్‌ బ్రిడ్జెస్‌ అనే కవి దానికి అధ్యక్షుడు, నాటకాలు రాసే బెర్నార్డ్‌ షా కూడ అందుల ఉన్నడు. దక్షిణ ఇంగ్లండ్‌ల పెద్ద బడుల్ల చదివినోళ్ల పలుకుబడినే రేడియో భాష అయి కూసున్నది. ఉత్తరాదోళ్లు, బొగ్గు గనుల కూలీలు, మిల్లు కార్మికులు మాట్లాడేది భాష కాదన్నట్టు. రెండో ప్రపంచ యుద్ధం నడుమ, 1941లో, యార్క్‌షైర్‌ మనిషి విల్‌ఫ్రెడ్‌ పికిల్స్‌ను జాతీయ వార్తలు చదవడానికి తెచ్చిన్రు. ఆయన తన ఊరి పలుకుతోనే చదివిండు. పెద్ద లొల్లి అయింది. దక్షిణాదోళ్లే కాదు, ఉత్తరాదోళ్లు కూడ కొందరు ఇది వార్తల లెక్క లేదు అన్నరు. ఇది మన ఇంట్ల జరిగినట్టే లేదా? యాసతోని మాట్లాడుడు తప్పు అని మన పిల్లలకు మన సార్లే బడిల కొట్టి చెప్పలేదా?

తర్వాత వాళ్లు మారిన్రు. ఇప్పుడు స్కాట్లండ్‌, వేల్స్‌, ఉత్తర ఇంగ్లండ్‌ పలుకులు వార్తల్ల వినబడ్తయ్‌. మన దగ్గర కూడ మారింది. 2011లో టీ న్యూస్‌, తర్వాత వీ6 వచ్చినంక తీన్మార్‌ వార్తలల్ల మన యాస ఇంటింటికి పోయింది. వేరే చానళ్లు కూడ మన యాసలో చదివేటోళ్లను ఎతుక్కున్నయ్‌. దాన్ని మేం తక్కువ చేస్తలేం, గర్వపడ్డం. కాని ఒక్కటి గమనించుండ్రి. నవ్వించే వార్త యాసలో, అసలు వార్త పుస్తకం భాషలో. బడ్జెట్‌ వచ్చినప్పుడు, కోర్టు తీర్పు వచ్చినప్పుడు, పెద్దోళ్లు సచ్చిపోయినప్పుడు చదివే భాష ఇప్పటికీ పాతదే. పికిల్స్‌ చదివింది యుద్ధం వార్తలు, నవ్వుల పోగ్రాం కాదు. ఆ తొవ్వ మనం ఇంక నడవలే.

వేల్స్‌ కథ చెప్తం. ఈ ప్రసంగం ఒప్పుకున్నదే ఈ కథ చెప్పాలని.

వేల్స్‌ అనేది బ్రిటన్‌ల ఒక చిన్న దేశం. వాళ్ల భాష వెల్ష్‌, ఇంగ్లీషుకు దూరపు చుట్టం కూడ కానట్టు ఉంటది. టీవీ వచ్చినంక ఇండ్లల్ల అంతా ఇంగ్లీషే మోగుతుంటే వాళ్లకు భయం పట్టుకున్నది. మా భాషకు మా చానల్‌ కావాలన్నరు. 1979 ఎన్నికల్ల కన్జర్వేటివ్‌ పార్టీ ఇస్తం అని మాట ఇచ్చింది. గెలిచి గద్దె ఎక్కిన కొన్ని నెలలకే మాట మార్చింది. 2009 డిసెంబర్‌ 9న ఒక మాట, డిసెంబర్‌ 23న ఇంకో మాట విన్నోళ్లం మనం. మనకు వివరం చెప్పాల్సిన అవసరం లేదు.

అప్పుడు వాళ్లు ఏం చేసిన్రు? 1979 అక్టోబర్‌ల ముగ్గురు పండితులు, పెన్నార్‌ డేవిస్‌, మెరెడిడ్‌ ఇవాన్స్‌, నెడ్‌ థామస్‌, పెన్‌కారెగ్‌ అనే కాడ ఉన్న టీవీ ట్రాన్స్‌మిటర్‌ల జొర్రి స్విచ్చి బంద్‌ పెట్టిన్రు. మా భాష లేని టీవీ మాకెందుకు అన్నట్టు. వాళ్లు ఆవారా పోరగాండ్లు కాదు. బాగ చదువుకున్నోళ్లు, విద్యార్థులకు పాఠాలు చెప్పినోళ్లు. ఉద్యోగులు ఇక్కడ చానమంది ఉన్నరు కాబట్టి చెప్తున్నం. దాదాపు రెండు వేల మంది లైసెన్సు ఫీజు కట్టం, జైలుకైన పోతం అని ప్రకటించిన్రు. 1980 మేలో ప్లైడ్‌ కమ్రీ పార్టీ పెద్దమనిషి గ్విన్‌ఫోర్‌ ఇవాన్స్‌ ప్రకటన చేసిండు: అక్టోబర్‌ 6 నుంచి తిండి మానేస్తా, చానల్‌ ఇచ్చేదాక ముట్ట అని. అప్పటికి ఆయనకు డెబ్బయికి దగ్గర. ఊరూరు తిరిగి సభలు పెట్టిండు. సెప్టెంబర్‌ 17న థాచర్‌ సర్కారు దిగొచ్చింది. ఒక్క పూట కూడ ఉపాసం ఉండకముందే. రాష్ట్రం కోసం ఆమరణ దీక్షలు మనకు తెలుసు, 1952లో మద్రాసుల చూసినం, 2009లో మన దగ్గర చూసినం. టీవీ చానల్‌ కోసం పాణం ఇస్తా అన్న మనిషి గురించి ఎన్నడన్న విన్నరా? 1982 నవంబర్‌ 1న ఎస్‌4సి అనే వెల్ష్‌ చానల్‌ మొదలైంది. ఇప్పటికీ నడుస్తున్నది, ఇప్పుడు దాని ఖర్చు లైసెన్సు సొమ్ము నుంచి ఇస్తున్నరు.

లెక్క చూడుండ్రి. వేల్స్‌ల వెల్ష్‌ మాట్లాడేటోళ్లు 2021 జనగణనల 5 లక్షల 38 వేల మంది. మన వికారాబాద్‌ జిల్లా జనం 2011 లెక్కల్ల 9 లక్షల 27 వేలు. స్కాట్లండ్‌ల గేలిక్‌ అనే భాష ఉన్నది. 2011ల అది మాట్లాడేటోళ్లు 57 వేల పైచిలుకు. అదే ఏడు తాండూరు పట్నం ఒక్కదాంట్ల 65 వేల మంది ఉన్నరు. గేలిక్‌కు 2008 నుంచి బీబీసీ ఆల్బా అనే టీవీ చానల్‌ ఉన్నది. తాండూరుకు ఏమున్నది? తెలుగు, ఉర్దూ, కన్నడం మూడు కలిపి ఒకటే వాక్యంల మాట్లాడే ఊరు ఇది. ఆ మాట ఏ గాలి మీద వినబడ్తున్నది? మంది తక్కువ, గిట్టుబాటు కాదు అనే సాకు ఇగ మన ముందు ఎవ్వరూ చెప్పొద్దు.

బీబీసీ పాపాలు కూడ చెప్పకుంటే అబద్ధం చెప్పినట్టయితది. 1926 సార్వత్రిక సమ్మెల కార్మికుల దిక్కు మాట్లాడేటోళ్లకు మైకు ఇయ్యలే. ప్రతిపక్ష నాయకుడు రామ్‌సే మెక్‌డొనాల్డ్‌ అడిగినా ఇయ్యలే. 1988 నుంచి 1994 దాక సర్కారు హుకుం మీద ఐరిష్‌ నాయకుల గొంతు వినిపించొద్దని నిషేధం ఉండె. అప్పుడు చానళ్లు చేసిన పని వింటే నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వదు. జెర్రీ ఆడమ్స్‌ బొమ్మ చూపించి, ఆయన మాటలను ఒక నటునితోని చెప్పించేటోళ్లు. మనిషి కనబడొచ్చు, మాట వినబడొచ్చు, గొంతు మాత్రం ఆయనది కావొద్దు. సినిమాల తెలంగాణ హీరోయిన్‌కు డబ్బింగు చెప్పినట్టు. 2023లో ఇంగ్లండ్‌ల ఉన్న 39 లోకల్‌ రేడియోల కార్యక్రమాలను కుదించి, పక్క పక్క జిల్లాలకు కలిపి ఒకటే వినిపించే పని పెట్టుకున్నరు. దాని మీద జర్నలిస్టులు మార్చిల సమ్మె చేసిన్రు. అంటే అక్కడ కూడ కొట్లాడకుంటే ఉన్నది ఊడుతది.

రాష్ట్రం వచ్చినంక మనం ఏం చేసినం అని కూడ అడుక్కోవాలె. 2014 జూన్‌ల, రాష్ట్రం వచ్చిన రెండు వారాలకే, కొత్త ఎమ్మెల్యేలను ఎగతాళి చేసిన్రని గొడవై టీవీ9, ఏబీఎన్‌ ఆంధ్రజ్యోతి ప్రసారాలను కేబుల్‌ ఆపరేటర్లు తెలంగాణల ఆపేసిన్రు. ఆ ఎగతాళి మనల్ని కూడ బాధ పెట్టింది. మా రక్తం కూడ ఉడికింది. కాని దానికి దవా ఏంది? ఫిర్యాదు, విచారణ, తప్పు తేలితే జుర్మానా, గాలి మీద క్షమాపణ. తీగ కోసుడు కాదు. ఆ తొవ్వ కట్టకుంటే, రేపు గద్దె మీద ఎవలు కూసుంటే వాళ్లకు నచ్చని తీగ తెగుతది. అదే ఏడు సెప్టెంబర్‌ల దూరదర్శన్‌ల సప్తగిరి చానల్‌ ఆంధ్రకు పోయి, మనకు యాదగిరి వచ్చింది. ఏడు కొండలు పోయి గుట్ట వచ్చింది, మంచిదే. పేరు మారింది, కమాండు ఢిల్లీలనే ఉన్నది. ప్రైవేటు చానళ్లకు వస్తే, ఇయ్యాల ఏ చానల్‌ ఏ పార్టీదో చిన్న పిలగాడు కూడ చెప్తడు. ఆంధ్ర ఓనరు పోయి తెలంగాణ ఓనరు వచ్చుడు మనం కోరుకున్నదే. కాని ఆ సీల్డ్‌ కవర్ల ఉన్న రెండో సంగతి, ప్రకటనలతోని మెడ వంచుడు, ఎక్కడికీ పోలే.

మా జర్నలిస్టుల సంగతి కూడ చెప్తం, మీకు తెల్వంది కాదు. మండలాల పని చేసే విలేకరికి జీతం ఉండదు, లేదా చాయ పైసలకు సరిపోయేంత ఉంటది. పండుగొస్తే ప్రకటనల టార్గెట్‌ ఉంటది. పొద్దున ప్రకటన అడిగిన నాపరాయి గని ఓనరు మీద సాయంత్రం వార్త రాసే ధైర్యం వానికి ఏడికెళ్లి వస్తది? పాలిషింగ్‌ యూనిట్లల్ల దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడైన కూలీ వార్త అందుకే రాదు. మన అనంతగిరి గుట్ట మీద క్షయ ఆసుపత్రి ఉన్నది. దగ్గు, దమ్ము మన దిక్కు పరాయి ముచ్చట కాదు. బ్రిటన్‌ల కూడ చిన్న పత్రికలు ఆగమైతుంటే, బీబీసీ లైసెన్సు సొమ్ముల కెళ్లి జీతాలిచ్చి 165 మంది దాక విలేకరులను లోకల్‌ పత్రికలల్ల పెట్టించింది. వాళ్ల పని మున్సిపల్‌, కౌన్సిల్‌ మీటింగులల్ల కూసొని ఏం తీర్మానం అయిందో రాసుడు. వికారాబాద్‌ మున్సిపల్‌ మీటింగుల ఏ కాంట్రాక్టు ఎవలికి పోయిందో పొద్దున రేడియోల వస్తే ఎట్లుంటదో మీరే చెప్పుండ్రి.

ఇంత దూరం లండన్‌ తిప్పినం, ఇప్పుడు దగ్గరికొద్దాం. వికారాబాద్‌ స్టేషన్‌ల పర్లీ దిక్కు పోయే రైలెక్కితే జహీరాబాద్‌ వస్తది. దాని పక్కన ఝరాసంగం మండలంల మాచునూరు అని ఊరున్నది. అక్కడ దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉన్నది. డక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ మహిళా సంఘాలది అది. 1998ల యునెస్కో సాయంతోని స్టూడియో తయారైంది. కాని గాలిల వినిపించడానికి సర్కారు లైసెన్సు ఇయ్యలే. పదేండ్లు. ఆ పదేండ్లు వాళ్లు ఊకె కూసోలే. రికార్డు చేసిన్రు, క్యాసెట్లు సంఘాలకు తీస్కపోయి టేప్‌రికార్డర్ల వినిపించిన్రు. విత్తనాల ముచ్చట్లు, జొన్నలు, కొర్రలు, పాటలు, మంత్రసానుల మాటలు. అల్గోల్‌ నర్సమ్మ, జనరల్‌ నర్సమ్మ అనే ఇద్దరు ఆ రేడియోను ముందు నిలబడి నడిపిన్రు. 2000ల పస్తాపూర్‌ల దేశం నలుమూలల కెళ్లి వచ్చినోళ్లు కూసొని జనం రేడియోకు లైసెన్సు ఇయ్యాలె అని డిమాండు పెట్టిన్రు. 2006 నవంబర్‌ల కేంద్రం విధానం మార్చింది. 2008 అక్టోబర్‌ 15న సంఘం రేడియో గాలిల మోగింది. దేశంల స్వచ్ఛంద సంస్థ కింద వచ్చిన మొదటి కమ్యూనిటీ రేడియో అది. ప్రారంభించింది జస్టిస్‌ పి.బి.సావంత్‌. 1995ల సుప్రీంకోర్టుల "గాలి తరంగాలు జనం ఆస్తి, సర్కారు సొత్తు కాదు" అనే అర్థం వచ్చే తీర్పు ఇచ్చిన బెంచి పెద్ద ఆయననే.

ఇంగ్లండ్‌ల బీబీసీ మొదటి లోకల్‌ రేడియో లెస్టర్‌ల 1967ల వచ్చింది. మనకు 2008 దాక ఆగవలసి వచ్చింది. అయినా మాచునూరు ఆడోళ్లు చేసింది లెస్టర్‌ చేసినదానికన్న పెద్ద పని అని మేం అంటం. వాళ్లకు లైసెన్సు సొమ్ము లేదు, చార్టర్‌ లేదు. ఎవ్వలు వింటరో వాళ్లే నడుపుతున్నరు. జవాబు చెప్పడానికి వేరే కమిటీ ఎందుకు, బాయి కాడ కలిసినప్పుడే అడుగుతరు.

ఒక్కటే లోపం, అది వాళ్లది కాదు. ఆ గాలి జహీరాబాద్‌ చుట్టుపక్కల ఊర్ల దాకనే, మన తాండూరు దాక రాదు. ఇంకోటి, కమ్యూనిటీ రేడియో సొంతంగ వార్తలు చెప్పొద్దు. ప్రైవేటు ఎఫ్‌ఎం కూడ చెప్పొద్దు. ఆకాశవాణి వార్తలనే మళ్ల వినిపించుకోవచ్చు. టీవీల రోజంతా అరవొచ్చు, రేడియోల మన ఊరి మార్కెట్‌ యార్డుల జరిగిన మోసం వార్తగ చెప్పొద్దు. ఇదెక్కడి న్యాయమో ఏ సర్కారూ చెప్పలే. బ్రిటన్‌ల చిన్న రేడియో కూడ తన ఊరి వార్తలు చెప్తది. ఈ నిబంధన మీద కొట్లాట ఉద్యమకారుల పనే.

మన జిల్లాకు ఒక పెద్ద రేడియో కేంద్రం అయితే వస్తున్నది, అది కూడ చెప్పాలె. పూడూరు మండలం దామగుండం అడివిల 2,900 ఎకరాలల్ల నావికాదళం కేంద్రం. 2024 అక్టోబర్‌ 15న, అంటే సంఘం రేడియో పుట్టిన తారీఖునాడే, రక్షణమంత్రి రాజ్‌నాథ్‌సింగ్‌ వచ్చి శంకుస్థాపన చేసిండు. సముద్రంల మునిగి తిరిగే జలాంతర్గాములతోని మాట్లాడే తరంగాలు అక్కడికెళ్లి పోతయ్‌. దేశ రక్షణకు కావాలె అంటే మేం కాదనం. కాని మూసీ పుట్టే గుట్టల పక్కన చెట్లు కొడ్తమంటే అక్కడి జనం, పర్యావరణమోళ్లు వద్దన్నరు కదా. ఆ వాదన, సర్కారు వాదన రెండూ పక్క పక్కన పెట్టి, అర్థమయ్యే మాటల్ల, జిల్లా మొత్తం వినేటట్టు చెప్పిన గాలి ఏది? సముద్రం అడుగున ఉన్నోనికి మన జిల్లాకెళ్లి మాట పోతది. పూడూరోని మాట తాండూరు దాక రాదు.

పెద్దాయన కందుల ముచ్చట అడిగిండు కదా. బీబీసీల "ది ఆర్చర్స్‌" అనే రేడియో నాటకం 1951 జనవరి 1 నుంచి నడుస్తున్నది. యుద్ధం అయినంక తిండికి కరువున్న రోజులు. పంట పెంచే కొత్త పద్ధతులు రైతుకు చెప్పాలె, చెప్తే వింటలేరు. వ్యవసాయ శాఖతోని మాట్లాడుకొని ఒక పల్లె కుటుంబం కథ అల్లి, కథ నడుమ ఎరువు, పశువుల రోగం ముచ్చట కలిపిన్రు. మన తాండూరు కందికి 2022ల భౌగోళిక గుర్తింపు వచ్చింది. తాండూరులనే వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉన్నది. కంది ఎండు తెగులు మీద అక్కడి శాస్త్రవేత్తకు తెలిసింది, కాగ్నా ఒడ్డు రైతుకు చేరే లోపల చేను ఎండిపోతది. నడుమ ఒక రేడియో ఉంటే?

కమ్యూనిటీ రేడియోకు ఎవరెవరు అడగొచ్చో చెప్పి ముగిస్తం. కాలేజీలు అడగొచ్చు. వ్యవసాయ విశ్వవిద్యాలయాలు, కృషి విజ్ఞాన కేంద్రాలు అడగొచ్చు. రిజిస్టరై మూడేండ్లు నిండిన, లాభం చూసుకోని సంఘం అడగొచ్చు. ఒక్క మనిషి పేరు మీద ఇయ్యరు, పార్టీలకు ఇయ్యరు. పవరు 100 వాట్లు, స్తంభం 30 మీటర్లు మించొద్దు. కార్యక్రమాలల్ల సగమన్న ఊరోళ్లే తయారు చెయ్యాలె. వినేటోళ్ల ప్రతినిధులతోని సలహా కమిటీ ఉండాలె. దరఖాస్తు కేంద్ర సమాచార ప్రసార శాఖకు పోతది. 100 వాట్లు అంటే తాండూరు, చుట్టున్న ఊర్లకు సరిపోతది. వికారాబాద్‌కు వేరేది కావాలె. అందుకే రెండు చోట్లా ఇదే మాట చెప్తున్నం.

ఉద్యోగ సంఘాలల్ల మూడేండ్లు దాటిన రిజిస్ట్రేషన్‌ ఎవలకున్నదో మీకే తెలుసు. డిగ్రీ కాలేజీ తమ్ముళ్లు, చెల్లెండ్లు ప్రిన్సిపాల్‌ సారును కలవాలె. నిబంధనల నకళ్లు బల్ల మీద పెట్టినం, తీసుకోండ్రి. కడమది మీరు అడిగినంక మాట్లాడుకుందాం. ముందుగాల ఎన్క కూసున్న అక్క చెయ్యి లేపింది, ఆమెకు మైకు ఇయ్యుండ్రి.